ఇంటామె చేతి నీళ్ళు

మా వీధికి నీళ్ళు తెచ్చే ట్యాంకరు డ్రైవరే ఆ వార్తనూ తెచ్చాడు. బండి ఆపి, దిగకుండా, స్టీరింగు మీద చేతులు అలాగే ఉంచి, "హెడ్డమ్మ పోయినాదంట సార్. అనంతపురం ఆస్పత్రిలో. గుండె నిలిచిపోయిందంట. స్టేషను కాడ చెప్పుకుంటాండారు" అన్నాడు. మామూలు రోజుల్లో ట్యాంకరు మలుపు తిరిగితే చాలు, బిందెల వరుస వెంట లేచే కేకలకు మా కిటికీ రెక్కలు అదురుతాయి. ఆనాడు పైపు విప్పమని అడిగినవారు కూడా లేరు. కొంతసేపటికి డ్రైవరే దిగి, ఎవరి బిందెలోనో పైపు పెట్టి, తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. వరుసలో ముందువైపు నిలబడి ఉన్న నాగవేణి మాత్రం తన బిందెను చంకన పెట్టుకుని, నీళ్ళు పట్టుకోకుండానే వెళ్ళిపోయింది. ఈ మెట్టసీమలో ట్యాంకరు ఎదుటి నుంచి ఖాళీ బిందెతో వెనుదిరిగిన మనిషిని నేను చూడటం అదే మొదలు.

హెడ్డమ్మ అనే మాట నాకు మొదటినుంచీ రుచించలేదు. జీవితమంతా బడిలో తెలుగు చెప్పినవాడిని. హెడ్ కానిస్టేబుల్ అనే పరభాషా పదంలో తలను మాత్రం మిగిల్చి, మొండేన్ని తీసివేసి, దానికి 'అమ్మ'ను అతికించిన ఆ సంకర సమాసం ఏ వ్యాకరణానికీ లొంగదు. అయినా మా వీధిలో ఆమెను మరొక విధంగా పిలిచినవారు లేరు. కొంతకాలం ఎదిరించి చివరికి నేనూ అలాగే పిలిచాను. కనుక ఇక్కడా అలాగే వ్రాస్తున్నాను.

మాది ధర్మవరం వైపు ఒక చిన్న ఊరు. బోర్లు ఎండిపోయి, ట్యాంకరు వచ్చిన రోజునే వంటా స్నానమూ జరిగే ఊరు. ఆమె ఇక్కడి స్టేషనుకు బదిలీ అయి వచ్చి, మా ప్రహరీకి ఆనుకుని ఉన్న రేకుల ఇంట్లో అద్దెకు దిగారు. ఒక్కతే కూతురు, బెంగుళూరులో నర్సు. భర్త ప్రస్తావన ఆమె నోట ఎన్నడూ రాలేదు; నేనూ అడగలేదు. ఖాకీ చొక్కా ఎండకు వెలిసిపోకుండా తిరగేసి ఆరవేసేవారు. డ్యూటీ లేని పూట సంగటి కెలికి, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి నూరి, గోడమీదుగా నా భార్యకు ఒక గిన్నె అందించేవారు. సాయంకాలం ప్రార్థన పుస్తకం చదువుకుంటూ, అందులోని పాత తెలుగు మాటలకు అర్థం అడిగేవారు. చెప్పిన అర్థాన్ని ఒకసారి తనలో తాను పలికి చూసుకుని, "మంచి మాట అయ్యవారూ, ఎందుకు పోగొట్టుకుంటిమో" అనేవారు.

ఒకసారి ఏదో ఫిర్యాదు కాగితం చూపించారు. 'భర్తచే కొట్టబడినది' అని ఉంది. ఈ 'బడు' ప్రయోగం తెలుగు స్వభావానికి సరిపడదనీ, 'భర్త కొట్టాడు' అని వ్రాస్తే చాలుననీ చెప్పాను. "మాకు అట్లే నేర్పిచ్చినారు అయ్యవారూ" అని నవ్వారు. కాని ఆ తరువాత నాకు చూపిన కాగితాలలో కొట్టినవాడు వాక్యం మొదట్లోనే కనిపించేవాడు.

మోకాళ్ళ నొప్పులతో నా భార్య గడప దాటడం మానినప్పటినుంచి, బిందెల వరుసలో నిలబడే ఏకైక పురుషుణ్ణి నేనే. మొదట్లో చిన్నతనంగా ఉండేది. మా వీధిలో చెనిక్కాయలు వొలిచి బతికే మారెక్క అనే ముసలమ్మ ఉంది. ఆమె నాలుకకు పెద్దా చిన్నా లేదు.

"ఏమప్పా అయ్యవారూ, అంత సదువు సదివి కడాకు మా ఎనకాల నిలబడితివే!" అంది మొదటి రోజునే.

"సదువుకున్నోళ్ళకు దప్పిక కాదా మారెక్కా? ముందర నీ బిందె జరుపు" అన్నారు వెనుకనుంచి హెడ్డమ్మ. స్టేషనులో నీళ్ళకు కొరత లేదు. అక్కడి నుంచి ఒక క్యాను తెచ్చుకుంటే సరిపోయేది. అయినా డ్యూటీ కుదిరిన ప్రతిసారీ పాత చీర కట్టుకుని, బిందెతో వచ్చి చివరన నిలబడేవారు. అలా ఎందుకు నిలబడేవారో తెలియడానికి నాకు కొంతకాలం పట్టింది.

మారెక్క గుడిసె పక్క ఇల్లు ఓబులేసుది. ధర్మవరం షావుకారు దగ్గర పట్టు తెచ్చుకుని కూలికి నేస్తాడు. పనిమంతుడు. అతను నేసిన చీర అంచు చూసి ఎవరైనా మెచ్చుకోవలసిందే. అతని భార్యే నాగవేణి. కండెలు చుట్టడం, మగ్గానికి సాయం పట్టడం ఆమె పని. తాగిన రోజున కొడతాడని వీధివాళ్ళు అనుకునేవారు. తాగని రోజున కూడా కొడతాడని మారెక్కకు తెలుసు. నడుమ ఉన్నది మట్టిగోడ ఒక్కటే.

ఒకనాటి పగలు మారెక్క ఎవరి చేతనో పోలీసులకు ఫోను చేయించింది. ఇద్దరు కానిస్టేబుళ్ళు మోటారు సైకిలు మీద వచ్చారు. హెడ్డమ్మ ఆ రోజు వేరే ఊరిలో డ్యూటీలో ఉన్నారు. మేమందరమూ గుమ్మాలలో నిలబడి విన్నాము.

"ఈడ గలాటా అని మారెక్క అనే ఆయమ్మ ఫోను చేయించింది. ఏమప్పా, పెండ్లాన్ని కొట్టినావంట?"

"యాడ సార్? లేదు సార్. కావాలంటే ఆమెనే అడగండి."

"ఏమ్మా, కొట్టినాడా?"

నాగవేణి వాకిలి తలుపు పట్టుకుని నిలబడి ఉంది. ఒక పక్క భర్త, మరొక పక్క అత్త. "లేదు సార్. మగ్గం గుంత కాడ జారి పడినా" అంది.

"సరే సరే. సర్దుకోండప్పా. ఇంకోసారి ఫోను రాకూడదు."

కొట్టరాదని కాదు, ఫోను రాకూడదని వారు చెప్పి వెళ్ళినది. మరునాటికి మారెక్క వొలిచి పెట్టుకున్న చెనిక్కాయలు మురికికాలువలో తేలాయి. నాగవేణి బిందె ఒక పక్క సొట్టపోయింది. ఆ సొట్ట ఎలా పడిందని ఎవరూ అడగలేదు.

ఈ సంగతి తెలిసిన రోజున హెడ్డమ్మ ఆ ఇద్దరినీ తన ఇంటి ముందు నిలబెట్టి మాట్లాడటం గోడ ఇవతల నుంచి విన్నాను. గొంతు పెంచలేదు. "ఫోను చేసినోళ్ళ పేరు గడప కాడ ఎత్తకూడదు నాయనా. ఆ ముసిల్ది రేపు మళ్ళా చేయిస్తాదా? ఇంగ మొగుడు ఇనేచోట పెండ్లాన్ని అడగకూడదు. అట్ల అడిగితే నువ్వు అడిగింది ఆమెను కాదు, వాన్నే."

వారు వెళ్ళిన తరువాత గోడ దగ్గరికి వచ్చారు. "అయ్యవారూ, బడిలో కొట్టినోన్ని పక్కన పెట్టుకొని, దెబ్బలు తిన్నోన్ని ఎవురు కొట్టినారని అడుగుతా ఉంటిరా?"

"లేదమ్మా. వేరుగా పిలిచే అడిగేవాణ్ణి."

"ఆడోళ్ళను వేరుగా యాడికి పిలవల్ల? స్టేషనుకు పిలిస్తే ఊరంతా సూస్తాది. ఇంటికి పోతే అత్త ఉంటాది. మొగుడూ అత్తా ఎనకాల రాకుండా ఈ ఊర్లో ఆడది నిలబడే తావు ఒకటే ఉండాది."

ఆమె బిందెతో వరుసలో నిలబడటానికి కారణం అప్పటికి నాకు తెలిసింది.

అయితే ఆమె నాగవేణిని ఏమీ అడగలేదు. నేను గమనిస్తూనే ఉన్నాను. చింతపండు ధర గురించి మాట్లాడేవారు. బిందె అడుగున చిల్లి పడితే ధర్మవరంలో మాట్లు వేసేవాడు ఉన్నాడో లేడో ఆరా తీసేవారు. ఎండాకాలమంతా అలాగే గడిచింది. ఉండబట్టలేక ఒకనాడు నేనే, "ఎందుకమ్మా అడగరు?" అన్నాను.

"అడిగితే అబద్ధం చెప్తాది. ఒకసారి అబద్ధం చెప్పినాక నిజం చెప్పనీకి సిగ్గు అడ్డం వస్తాది. ఆమెకు అబద్ధం నేనెందుకు నేర్పల్ల అయ్యవారూ?"

ఆ తరువాత ఎప్పుడో, ట్యాంకరు ఆలస్యమైన ఒక ఉదయం, నాగవేణి తనంతట తాను వెనక్కి తిరిగింది. ఇద్దరి నడుమా నేనున్నాను. నేను లేనట్లే మాట్లాడింది.

"అక్కా, నా బిందె సూసినావు గదా, ఈ సొట్టది. ఇది వరసలో లేని దినం నువ్వు మా ఇంటి కాడికి వస్తావా?"

"వస్తా" అన్నారు హెడ్డమ్మ.

అంతే. అంతకు మించి ఒక్క మాట జరగలేదు. నాగవేణి ముందుకు తిరిగి, బిందె మూతిని కొంగుతో తుడుచుకుంది. ఆ రోజు నుంచి హెడ్డమ్మ రాగానే వరుస పొడుగునా చూపు పరిచేవారు. సొట్ట బిందె కనిపించగానే ఆమె భుజాలు ఊరటతో కొంచెం దిగేవి.

మేము ఇక్కడివాళ్ళం కావడం వల్ల చేసిన పొరపాటు ఒకటి ఆ ఒప్పందంలోనే ఉంది. నీళ్ళు దండిగా ఉన్న సీమలో పుట్టినవారికి అది వెంటనే తట్టేదేమో. మా ఊళ్ళో ఇంట్లో ఏమి జరిగినా బిందె వరుసకు రాక తప్పదు. శవం లేవని ఇంటి నుంచి కూడా ఎవరో ఒకరు బిందె తెచ్చి పెడతారు. మనిషి రాకపోవచ్చు, బిందె రాకపోవడం మాత్రం ఉండదు. ఆ సంగతి పుట్టినప్పటినుంచీ అలవాటైపోయింది గనుకనే, గుర్తుగా బిందెనే పెట్టుకున్నప్పుడు మాలో ఎవరికీ అది తోచలేదు.

ఆ పొరపాటు బయటపడిన రోజున సొట్ట బిందె వరుసలోనే ఉంది. తెచ్చింది నాగవేణి అత్త.

"కోడలు యాడ?" అంది మారెక్క.

"ఒళ్ళు వెచ్చగుండాదంట. పండుకోనుండాది. నీకేం, నువ్వేమన్నా డాక్టరా?"

మారెక్క మూతి తిప్పుకుంది. ఓబులేసు ఇంట్లో మగ్గం ఎప్పటిలాగే ఆడుతోంది. ఆ చప్పుడు వీధి చివరికి వినిపిస్తోంది. హెడ్డమ్మకు ఆ రోజు పక్క ఊరి జాతరలో బందోబస్తు. తొందరలో ఉన్నారు. వరుస వెంట చూశారు. సొట్ట బిందె కనిపించింది. భుజాలు దిగాయి. నీళ్ళు పట్టుకుని, బిందెను ఇంట్లో దించి వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం ఎండ వాలుతుండగా తిరిగి వచ్చారు. దుమ్ము కొట్టుకుపోయిన ఖాకీ బట్టలతో తన ఇంటికి వెళ్ళకుండా మా గేటు దగ్గర ఆగారు.

"అయ్యవారూ, పొద్దున ఆ సొట్ట బిందె ఇంటికి ఎవురు మోసినారు?"

"వాళ్ళ అత్తే మోసింది."

"రెండో బిందె?"

"అదీ ఆమెదే. మళ్ళీ వచ్చి తీసుకువెళ్ళింది."

ఆమె గేటు ఊచను పట్టుకున్నారు. "కోడలు లేవగలిగితే అత్త బిందె ఎత్తుతాదా ఈ ఊర్లో?" ఆ ప్రశ్న నాకు వేసినది కాదు. "నేను బిందెను సూసినా అయ్యవారూ. మనిషిని సూడలేదు."

తలుపు బద్దలు కొట్టించలేదు. స్టేషనుకు ఫోను చేసి ఒక ఆటోను పంపమన్నారు. నడిచి ఓబులేసు ఇంటికి వెళ్ళి, టోపీ తీసి, గడప ముందరి అరుగు మీద కూర్చున్నారు. మారెక్క, నేను, మరికొందరు ఆమె వెనుకనే వెళ్ళి వీధిలో నిలబడ్డాము.

"అమ్మా, జాతరలో నిలబడి నిలబడి నోరు ఎండిపోయినాది. గుక్కెడు నీళ్ళు ఇప్పిస్తావా?"

అత్త చెంబుతో వచ్చింది. హెడ్డమ్మ చేయి చాచలేదు.

"నాగవేణిని తెమ్మను."

"ఒళ్ళు బాగలేదని పొద్దున్నే చెప్తి గదమ్మా."

"మెల్లిగా తెస్తాదిలే. నాకేం తొందర లేదు."

"నేనిస్తే నీళ్ళు కావా?"

"నీళ్ళేనమ్మా. నాకే, ఇంటామె చేతి నీళ్ళు తాగల్లని ఉండాది."

మగ్గం ఆగింది. ఓబులేసు బయటికి వచ్చి, గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "ఏం హెడ్డమ్మా, నీళ్ళకు కూడా వారెంటు తెచ్చినావా?" అని నవ్వాడు.

"దప్పికకు వారెంటు యాడుంటాదప్పా? లేదను, లేచి పోతా. గడప కాడికొచ్చి నీళ్ళు అడిగితే ఇయ్యలేదని వీధిలో అందరూ ఇంటాండారు."

అతని నవ్వు ఆగింది. ఈ సీమలో అప్పు లేదనవచ్చు, బియ్యం లేవనవచ్చు, గడప ముందర కూర్చున్నవారికి నీళ్ళు లేవని మాత్రం ఎవడూ అనడు. శత్రువుకైనా సరే. మారెక్క వెనుకనుంచి, "పిలువప్పా, నీ పెండ్లాం చేతికేమన్నా బంగారు వంకీలు మొలిచినాయా?" అంది.

చాలాసేపటికి అతడు గుమ్మం నుంచి పక్కకు జరిగాడు. తరువాత లోపలినుంచి గోడ పట్టుకుంటూ నాగవేణి వచ్చింది. కుడిచేతిలో చెంబు. ఎడమచేతిని కొంగులో చుట్టి కడుపుకు ఆనించుకుంది. చెంబులోని నీళ్ళు ప్రతి అడుగుకూ తొణికి, గడప చేరేసరికి సగమే మిగిలాయి. హెడ్డమ్మ లేచి నిలబడి, ఆ చెంబు అందుకుని, మిగిలిన నీళ్ళన్నీ తాగారు. ఒక్క చుక్క విడవలేదు. చెంబును అత్త చేతిలో పెట్టి, నాగవేణి కుడిచేయి పట్టుకున్నారు. ఇక విడవలేదు.

"పద" అన్నారు.

"యాడికి?" అన్నాడు ఓబులేసు.

"నీళ్ళు ఇచ్చింది గదప్పా. రుణం తీర్చుకోవద్దా?"

అప్పటికి ఆటో వచ్చింది. ఆస్పత్రిలో డాక్టరు ఎముకను అతికించాడు. కాని వాపు లోపల నరాలు నలిగిపోయాయనీ, పొద్దుననే తెచ్చి ఉంటే చేయి దక్కేదనీ చెప్పాడు. నాగవేణి ఎడమచేతి వేళ్ళు ఈనాటికీ ముడుచుకునే ఉన్నాయి. కండె పట్టలేదు. బిందెను ఆ పక్కకు ఎత్తలేదు.

ఊరి పెద్దమనుషులు రాజీకి వచ్చారు. రేకుల ఇంటి ముందర నా కుర్చీలే వేశాను.

"కాపురమన్నాక కలతలు రాకుండా ఉంటాయా హెడ్డమ్మా? వాన్ని నాలుగు తిట్టి పంపియ్యి. సర్దుకుంటారు."

"కలతకు ఎముక విరగదన్నా."

"వాడు జైలుకు పోతే రేపు ఆయమ్మకు కూడు ఎవురు పెడతారు?"

"ఇన్నాళ్ళూ కండెలు చుట్టి వాని కూడు సంపాయించింది ఎవురు? రాజీ కావల్లో వద్దో ఆమెనే అడగండి, నేను వద్దనను. కానీ వాడు ఇననిచోట అడగండి."

అడిగారు. నాగవేణి వద్దంది. కేసు నమోదయింది. ఓబులేసు కొన్నాళ్ళు జైలులో ఉండి, బెయిలు మీద వచ్చాడు. ఇప్పటికీ అదే ఇంట్లో నేస్తున్నాడు. నాగవేణి మారెక్క గుడిసెలో ఉంటూ, కుడిచేత్తో చెనిక్కాయలు వొలుస్తోంది. నడుమ ఆ మట్టిగోడే. కేసు వాయిదాల మీద నడుస్తోంది.

ఆ తరువాత హెడ్డమ్మ పద్ధతి మారింది. ఎక్కడ గలాటా అని ఫోను వచ్చినా, తాను వెళితే ముందు ఆ ఇంటి గడప ముందర కూర్చుని, ఇంటామె చేతి నీళ్ళు అడిగేవారు. ఎలా నడిచి వస్తుందో, ఏ చేత్తో ఇస్తుందో, ఇచ్చేముందు ఎవరి ముఖం చూస్తుందో అంతా ఆ చెంబు వెంట తెలిసేదట. ఇతరులను పంపితే, వారు తిరిగి రాగానే ఒకటే ప్రశ్న: "ఇంటామె చేతి నీళ్ళు తాగినావా?"

ఒక కొత్త కానిస్టేబులు మా వీధిలోనే ఆమెకు ఎదురుపడి, "అంతా ప్రశాంతంగా ఉండాది మేడం. కాఫీ కూడా ఇచ్చినారు" అన్నాడు.

"ఎవురిచ్చినారు?"

"వాళ్ళ ఆడబిడ్డ మేడం. బిస్కెట్లు కూడా పెట్టింది."

"బిస్కెట్లు అరిగేలోపల పోయి నీళ్ళు అడుగుపో నాయనా."

అతడు ముఖం మాడ్చుకుని వెనుదిరిగాడు. ఆ సాయంత్రం అతడే ఒక చంటిబిడ్డ తల్లిని ఆటోలో ఆస్పత్రికి తీసుకువెళ్ళాడని తరువాత విన్నాను. అందరూ ఆ మాట పాటించారని నేను చెప్పలేను. నవ్వినవారూ ఉన్నారు. నీళ్ళమ్మ అని స్టేషనులో ఆమెకు పేరు పెట్టారు. ఆమె ఎరుగుదురు, పట్టించుకోలేదు.

ట్యాంకరు దగ్గర కూడా కొత్త అలవాటు చేశారు. డ్రైవరును పైపు విప్పనిచ్చేవారు కాదు. ముందుగా, వరుసకు రావలసిన ఆడవాళ్ళను పేరు పేరునా పిలిచేవారు. బిందె ఉంటే చాలదు, పేరుగల మనిషి నోటితో పలకాలి. "వచ్చినా" అనాలి. పలకని పేరుంటే, ఆ ఇంటికి తానే వెళ్ళి కనుక్కుని వచ్చేవారు. బడిలో హాజరు వేసినట్లు ఉండేది. వరుసలో ఉన్నందుకు నన్నూ వదలలేదు. "అయ్యవారూ?" అనేవారు. "ఉన్నానమ్మా" అనేవాణ్ణి. చివరికి మారెక్క, "హెడ్డమ్మా?" అని తిప్పి అడిగేది. "నేనూ వచ్చినా" అని ఆమె పలికిన తరువాతే నీళ్ళు.

హెడ్డమ్మ మనసులోంచి ఆ చేయి పోలేదు. నాగవేణి బిందె నింపుకుంటున్నంతసేపూ ఆమె చూపు ఆ ముడుచుకున్న వేళ్ళ మీదనే ఉండేది. ఒకసారి నేను, "మీ తప్పేముందమ్మా? ఆ బిందె గుర్తు ఆమే చెప్పింది కదా" అన్నాను.

"తప్పు ఎవురిదని కాదు అయ్యవారూ. చెయ్యి ఎవురిదని."



ఈ మధ్య మెట్టు ఎక్కితే ఆయాసపడేవారు. కూతురు వచ్చి అనంతపురం తీసుకువెళుతున్నప్పుడు, ఆటోలో కూర్చున్న తరువాత నన్ను పిలిచారు. "వచ్చే నెలలో నాగవేణి వాయిదా ఉండాది. నా సాక్ష్యం అప్పుడే. పోయి చెప్పల్ల. ఆ చెంబు ఎట్ల తెచ్చి ఇచ్చిందో జడ్జి ముందర చెప్పినాక, ఇంగ ఏమైనా పర్వాలేదు" అన్నారు. "ముందు ఆరోగ్యం చూసుకోండమ్మా" అన్నాను. ఆటో కదిలింది. ఆమెతో నేను మాట్లాడిన చివరిమాట అంత సామాన్యమైనది.

కూతురు ఆమెను మా ఊరికే తీసుకువచ్చింది. పాస్టరు ప్రార్థన చేశారు. ఊరి చివర, క్రైస్తవుల సమాధుల నేలలో, గునపానికి లొంగని గట్టినేలను చాలాసేపు తవ్వి ఆమెను పూడ్చారు. స్టేషను నుంచి అందరూ వచ్చారు. బిస్కెట్లు తిన్న కానిస్టేబులు కూతురి వెనుక నిలబడి ఏడ్చాడు. కాస్త దూరంగా ఓబులేసు, ఉతికిన చొక్కా వేసుకుని నిలబడి ఉన్నాడు. మారెక్క అతని దగ్గరికి వెళ్ళింది.

"ఏం నాయనా, నిజంగానే పోయిందో లేదో సూసుకొని పోదామని వచ్చినావా?"

అతడు కదలలేదు. అందరూ వెళ్ళేవరకూ నిలబడే ఉన్నాడు. నాగవేణి అతన్ని చూసి నా పక్కకు జరిగింది.

"అయ్యవారూ, ఇంగ నా కత ఎవురు చెప్తారు?" అంది.

డాక్టరు కాగితాలున్నాయనీ, ఆమె వాంగ్మూలం ఉందనీ, మారెక్క కూడా సాక్షేననీ, కేసు నిలుస్తుందనీ వకీలు చెబుతున్నాడు. నేనూ అదే చెప్పాను. వీధిలో నిలబడి చూసినవారిలో నేనూ ఒకణ్ణి; పిలిస్తే వెళ్ళి, చూసినది చూసినట్లు చెబుతాను. అదీ చెప్పాను. ఆమె తల ఊపింది. ఆమె అడిగినది కోర్టు గురించి మాత్రమే కాదని ఇద్దరికీ తెలుసు.

ఆ తరువాత ట్యాంకరు వచ్చిన ఉదయం, బిందెలు ఎప్పటిలాగే వరుసలో ఉన్నాయి. డ్రైవరు దిగి, అలవాటు కొద్దీ పైపు విప్పకుండా నిలబడ్డాడు. చివరికి మారెక్క గొంతు సవరించుకుంది. ఒక్కొక్క పేరే పిలిచింది. వచ్చినా, వచ్చినా అని వరుస పొడుగునా పలికారు. "నాగవేణీ?" అంది. ఓబులేసు ఇంట్లో మగ్గం ఆడుతోంది. "వచ్చినా" అంది నాగవేణి, ఆ చప్పుడును మించి వినిపించేటట్లు. "అయ్యవారూ?" అంది మారెక్క. "ఉన్నాను" అన్నాను. డ్రైవరు పైపును నాగవేణి సొట్ట బిందెలో పెట్టి విప్పాడు.

మారెక్క ఊపిరి తీసుకుని, నోటికి అలవాటైన చివరి పేరు కూడా పిలిచేసింది.

"హెడ్డమ్మా?"

ఎవరూ కదలలేదు. బిందె నిండింది. నిండి, మూతి మీదుగా పొర్లింది. ఒక్క చుక్క పోతే ఒకరినొకరు తిట్టుకునే ఆ వరుసలో పైపు మార్చడానికి ఒక్క చేయీ ముందుకు రాలేదు. నీళ్ళు ఎండినేల మీద సన్నటి పాయగా సాగి, మా ప్రహరీ వెంట పల్లానికి పారి, తాళం వేసి ఉన్న రేకుల ఇంటి గడప దగ్గర ఆగి, అక్కడ కొంచెం కొంచెంగా ఇంకిపోయాయి.